తూచిన డోపెంట్ వేరు, పనిచేసిన డోపెంట్ వేరు: థర్మోఎలక్ట్రిక్ పదార్థాన్ని మెరుగుపరచడం ఎలా

వేడి తేడా నుంచి కరెంటు పుట్టించే పదార్థాలే థర్మోఎలక్ట్రిక్ పదార్థాలు; వాటిలో కొద్దిగా వేరే మూలకాన్ని (డోపెంట్) కలిపి మెరుగుపరచడమే డోపింగ్. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లలో చాలామంది ఒకేలా మొదలుపెడతారు. ఏదో ఒక మూలకాన్ని ఎంచుకుని అర శాతం, ఒక శాతం, రెండు శాతం, నాలుగు శాతం కలిపి నాలుగు శాంపిల్స్ చేస్తారు. గ్రాఫ్‌లో ఏది పైన కనిపిస్తే అదే బెస్ట్ అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చివరి మూడు శాంపిల్స్‌కీ ఇంచుమించు ఒకే సీబెక్ విలువ (ఒక డిగ్రీ ఉష్ణోగ్రత తేడాకి పుట్టే వోల్టేజి) వచ్చింది. కొలిచే యంత్రంలోనే లోపం ఉందనుకుని వారం రోజులు దాని చుట్టూ తిరిగాను. యంత్రం బాగానే ఉంది. నేను వేసిన మూలకంలో చాలా భాగం స్ఫటికంలోకి వెళ్లనే లేదు, అంతే.

కాబట్టి మొదటే చెబుతున్నాను. తూకంలో ఎంత వేశారన్నది మీ నోట్‌బుక్కుకి సంబంధించిన విషయం. పదార్థం పట్టించుకునేది ఎన్ని క్యారియర్లు (కరెంటు మోసే ఎలక్ట్రాన్లు, లేదా ఎలక్ట్రాన్ లేని ఖాళీలైన హోల్స్) పుట్టాయి, అవి ఎంత సులువుగా కదులుతున్నాయి అన్నదే. కింద చెప్పే దశలన్నీ ఈ రెండు లెక్కలనూ దగ్గర చేయడానికే.

డోపింగ్‌ని తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాదీకరణం అంటారు. ల్యాబ్‌లో ఎవరూ అలా అనరు కాబట్టి నేనూ డోపింగ్ అనే రాస్తాను. ఉదాహరణకి లెడ్ టెల్యురైడ్‌ని తీసుకుంటున్నాను. దీని గురించి దశాబ్దాలుగా తెలిసింది చాలా ఉంది, స్ఫటిక నిర్మాణం కూడా ఉప్పులాగా సాదాసీదాగా ఉంటుంది. మీ పదార్థం వేరే అయినా దారి ఇదే. ఒక హెచ్చరిక: ఇందులో సీసం, టెల్యూరియం, మూసిన గొట్టాలు, వెయ్యి డిగ్రీల కొలిమి ఉన్నాయి. సరైన ల్యాబ్‌లో, అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉండగా చేయాల్సిన పని ఇది. ఇంట్లో చేసేది కాదు.

దశ 1: ముందు ఎన్ని క్యారియర్లు కావాలో తేల్చుకోండి

పదార్థం ఎంత మంచిదో చెప్పే కొలమానం జెడ్‌టి. సీబెక్ గుణకాన్ని వర్గం చేసి, విద్యుత్ వాహకతతోనూ కెల్విన్‌లలో ఉష్ణోగ్రతతోనూ గుణించి, ఉష్ణ వాహకతతో భాగిస్తే వచ్చేది అదే. సీబెక్ 1821లో గమనించిన ప్రభావమే ఇప్పటికీ ఈ సూత్రంలో పైన కూర్చుని ఉంది.

చిక్కేమిటంటే ఈ మూడూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి. క్యారియర్లు పెరిగితే విద్యుత్ వాహకత పెరుగుతుంది. దాంతోపాటే సీబెక్ తగ్గుతుంది, ఎలక్ట్రాన్లు మోసుకెళ్లే వేడి పెరుగుతుంది. లోహాల్లో క్యారియర్లు మరీ ఎక్కువ, సీబెక్ కొద్ది మైక్రోవోల్టులే. బంధకాల్లో సీబెక్ ఉంటుంది గానీ కరెంటు పారదు. ఈ రెండింటి మధ్య, ఘన సెంటీమీటరుకి 10¹⁹ నుంచి 10²¹ క్యారియర్ల దగ్గర మంచి థర్మోఎలక్ట్రిక్ పదార్థాలన్నీ ఉంటాయి. అంటే బాగా డోప్ చేసిన సెమీకండక్టర్లు. మామూలు ట్రాన్సిస్టర్ చిప్‌లో చేసే డోపింగ్‌తో పోలిస్తే ఇది చాలా భారీ మోతాదు.

ఎక్కువైతే ఏమవుతుందో లెక్కలోనే చూడవచ్చు. బాగా డోప్ అయిన స్థితిలో సీబెక్ విలువ క్యారియర్ సంఖ్య పెరిగే కొద్దీ దాని మూడింట రెండో ఘాతం ప్రకారం తగ్గుతుంది. క్యారియర్లను రెట్టింపు చేశారనుకోండి, సీబెక్ 63 శాతానికి పడిపోతుంది. దాని వర్గం 40 శాతం. విద్యుత్ వాహకత సరిగ్గా రెట్టింపైందనుకున్నా లబ్ధం 80 శాతమే. పైగా ఎలక్ట్రాన్ల వేడి కూడా రెట్టింపు. గీత దాటాక వేసే ప్రతి మిల్లీగ్రామూ నష్టమే.

ఇక ఉష్ణోగ్రత. సరైన క్యారియర్ సంఖ్య స్థిరంగా ఉండదు, కెల్విన్ ఉష్ణోగ్రత తాలూకు ఒకటిన్నర ఘాతంతో అది పెరుగుతుంది. 300 కెల్విన్ దగ్గర బాగా పనిచేసే దానికంటే 750 కెల్విన్ దగ్గర దాదాపు నాలుగు రెట్లు కావాలి. అందుకే మీ శాంపిల్ ఏ ఉష్ణోగ్రతల మధ్య పనిచేయాలో ముందే కాగితం మీద రాసుకోండి. చలువ కోసం చేసే పదార్థాన్నీ, కొలిమి పొగగొట్టం దగ్గర పెట్టే పదార్థాన్నీ ఒకే మోతాదుతో చేయలేం.

ఎన్-టైప్ (ఎలక్ట్రాన్లు కరెంటు మోసే) లెడ్ టెల్యురైడ్‌ని మధ్యస్థ ఉష్ణోగ్రతల కోసం చేస్తున్నాం కాబట్టి ఘన సెంటీమీటరుకి 3 × 10¹⁹ అని లక్ష్యం పెట్టుకుందాం.

దశ 2: ఏమీ కలపని శాంపిల్‌ని ముందు చేసి కొలవండి

ఈ దశని దాటవేయాలనిపిస్తుంది. దాటవేయకండి. "ఏమీ కలపని" పదార్థం నిజానికి ఖాళీగా ఉండదు. స్ఫటికంలో సహజంగా ఉండే లోపాలు మీకంటే ముందే డోపింగ్ చేసేసి ఉంటాయి.

జెర్మేనియం టెల్యురైడ్‌నే చూడండి. అందులో జెర్మేనియం స్థానాలు చాలా సులువుగా ఖాళీ అవుతాయి, ఒక్కో ఖాళీ రెండు హోల్స్‌ని ఇస్తుంది. అలా ఏమీ కలపకుండానే హోల్స్ 10²¹ దాకా వెళ్లిపోతాయి. కావలసిన దానికంటే ఇది చాలా ఎక్కువ. కాబట్టి అక్కడ డోపింగ్ అంటే హోల్స్‌ని పెంచడం కాదు, తగ్గించడం. జెర్మేనియం స్థానంలో బిస్మత్ గానీ యాంటిమొనీ గానీ పెట్టేది అందుకే.

బిస్మత్ టెల్యురైడ్‌ది ఇంకో కథ. సరిగ్గా రెండుకి మూడు పాళ్లలో కరిగించి పెంచితే, టెల్యూరియం స్థానాల్లో కొన్ని బిస్మత్ అణువులు కూర్చుని పదార్థం పి-టైప్ (హోల్స్ కరెంటు మోసేది) అవుతుంది. అదే పదార్థాన్ని బాల్ మిల్లులో బాగా నూరితే ఎలక్ట్రాన్లు పుడతాయి. నూరడమే ఒక డోపింగ్! ఒకే పౌడర్‌ని ఒకరు పది నిమిషాలు, ఇంకొకరు పది గంటలు నూరితే ఇద్దరికీ వేర్వేరు ఫలితాలు రావడంలో వింతేమీ లేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన ఉదాహరణ మెగ్నీషియం యాంటిమొనైడ్. ఏళ్ల తరబడి దాన్ని పి-టైప్‌గానే చూశారు. టెల్యూరియం కలిపినా ఎలక్ట్రాన్లు నిలిచేవి కావు, ఎందుకంటే ఖాళీ అయిన మెగ్నీషియం స్థానాలు వాటిని మింగేసేవి. కాస్త ఎక్కువ మెగ్నీషియం వేసి ఆ ఖాళీలను పూడ్చాక 2016లో అది మేలైన ఎన్-టైప్ పదార్థంగా బయటపడింది, జెడ్‌టి 1.5 దాకా వెళ్లింది. డోపెంట్ ముందునుంచీ అదే. లోపించింది తగిన వాతావరణం.

కాబట్టి డోప్ చేయని శాంపిల్ సీబెక్ గుర్తు, హాల్ కొలతలో (అయస్కాంత క్షేత్రంలో అడ్డంగా పుట్టే వోల్టేజిని చూసేది) వచ్చిన క్యారియర్ సంఖ్య, రెండూ రాసి పెట్టుకోండి. అదే మీ సున్నా గీత.

దశ 3: డోపెంట్‌ని ఎంచుకోండి

ప్రాథమిక నియమం హైస్కూల్ రసాయన శాస్త్రమే. ఎవరి కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు, వాళ్ల దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉందా తక్కువ ఉందా?

లెడ్ టెల్యురైడ్‌లో సీసం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆ కుర్చీలో సోడియం కూర్చుంటే ఒక్కటే ఇవ్వగలదు, కాబట్టి ఒక హోల్ పుడుతుంది. లాంథనం గానీ బిస్మత్ గానీ కూర్చుంటే మూడు ఇస్తుంది, ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది. టెల్యూరియం కుర్చీలో అయోడిన్ కూర్చున్నా ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది. జిర్కోనియం నికెల్ టిన్ అనే హాఫ్-హ్యూస్లర్‌లో (మూడు మూలకాల స్ఫటిక సమ్మేళనం) టిన్ స్థానంలో యాంటిమొనీ పెడితే ఎన్-టైప్. సిలికాన్-జెర్మేనియంలో ఫాస్ఫరస్ ఎన్-టైప్‌కి, బోరాన్ పి-టైప్‌కి. 1977లో బయల్దేరిన వోయేజర్ నౌకలకి విద్యుత్తు ఇచ్చే జనరేటర్లలో ఉన్నవి సిలికాన్-జెర్మేనియం కడ్డీలే.

ఈ నియమం దారి చూపిస్తుంది, గమ్యం చేరుస్తానని మాత్రం మాట ఇవ్వదు. మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, సైజు. కొత్త అణువు పాత అణువుకి దగ్గరి సైజులో ఉంటేనే ఎక్కువ మోతాదు పడుతుంది. లెడ్ టెల్యురైడ్‌లో సోడియం కరిగే హద్దు ఒక శాతం చుట్టుపక్కలే. రెండు శాతం వేసినా మిగిలింది స్ఫటికం బయట వేరే ముద్దగానో, గ్రెయిన్ (చిన్న స్ఫటిక రేణువు) అంచుల్లోనో చేరుతుంది.

రెండోది, రెండు నాలుకల మూలకాలు. వెండి సీసం కుర్చీలో కూర్చుంటే హోల్ ఇస్తుంది, అణువుల మధ్య సందులో దూరితే ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఇలాంటివి మొదటి ప్రయత్నానికి వద్దు. ఇండియం ఇంకో రకం. లెడ్ టెల్యురైడ్‌లో దాని శక్తి స్థాయి ఒకచోట పాతుకుపోయి ఫెర్మీ స్థాయిని (ఎలక్ట్రాన్లు ఎంత శక్తి దాకా నిండాయో చెప్పే గీత) అక్కడే పట్టి ఉంచుతుంది. ఇండియం ఎంత వేసినా క్యారియర్ సంఖ్య ఒక దగ్గర ఆగిపోతుంది.

మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు: కరెంటు ఏ అణువుల మీదుగా నడుస్తోందో, సాధ్యమైనంతవరకు ఆ అణువులను కదిలించకండి. లెడ్ సెలెనైడ్‌లో ఎలక్ట్రాన్లు నడిచే బ్యాండ్ (శక్తి స్థాయిల పట్టీ) ఎక్కువగా సీసం వైపుది. అందుకని సీసం స్థానంలో బిస్మత్ పెట్టడంకంటే, సెలీనియం స్థానంలో బ్రోమిన్ పెడితే ఎలక్ట్రాన్ల మొబిలిటీ (కదిలే సులువు) మెరుగ్గా ఉంటుంది. రోడ్డు తవ్వే పని ఉంటే మెయిన్ రోడ్డు వదిలేసి పక్క సందులో తవ్వుకోవడం లాంటిదన్నమాట.

ఈ లెక్కన మన ఉదాహరణకి అయోడిన్ ఖాయం. దాన్ని మూలకంగా కాకుండా లెడ్ అయోడైడ్ రూపంలో వేస్తాం. మూలక అయోడిన్ గది ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరవుతూ ఉంటుంది, తూచేలోపే తగ్గిపోతుంది. లెడ్ అయోడైడ్ నిలకడైన పసుపు పొడి.

థాలియం మాట కూడా చెప్పాలి. 2008లో థాలియం కలిపిన లెడ్ టెల్యురైడ్ 773 కెల్విన్ దగ్గర జెడ్‌టి 1.5 ఇచ్చి పెద్ద సంచలనమైంది, అది బ్యాండ్ ఆకారాన్నే మార్చింది కాబట్టి. కానీ థాలియం ప్రాణాంతక విషం. నేర్చుకునే దశలో దాని జోలికి వెళ్లవద్దు.

దశ 4: మోతాదు లెక్క కట్టండి

శాతాన్ని ఊహించి పెట్టకండి. క్యారియర్ లక్ష్యం నుంచి వెనక్కి రండి.

లెడ్ టెల్యురైడ్ ఘనాకార యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే పెట్టె) అంచు 6.46 ఆంగ్‌స్ట్రామ్‌లు, అందులో నాలుగు టెల్యూరియం స్థానాలు ఉంటాయి. అంటే ఘన సెంటీమీటరుకి 1.48 × 10²² స్థానాలు. మనకి 3 × 10¹⁹ ఎలక్ట్రాన్లు కావాలి, ఒక్కో అయోడిన్ ఒక్క ఎలక్ట్రాన్ ఇస్తుంది. భాగిస్తే 0.002. ప్రతి వెయ్యి టెల్యూరియం స్థానాల్లో రెండింటిలో అయోడిన్ ఉంటే చాలు. నేను మొదట్లో వేసిన నాలుగు శాతం ఎంత అర్థం లేనిదో ఇక్కడ తెలిసిపోతుంది.

పది గ్రాముల శాంపిల్‌కి తూకాలు ఇలా వస్తాయి:

- సీసం 6.183 గ్రాములు
- టెల్యూరియం 3.804 గ్రాములు
- లెడ్ అయోడైడ్ 13.8 మిల్లీగ్రాములు

లెడ్ అయోడైడ్‌లో కూడా సీసం ఉంది కాబట్టి దాన్ని మొత్తం సీసంలోంచి తీసేశాను. ఒక్కో లెడ్ అయోడైడ్‌లో రెండు అయోడిన్లు ఉంటాయన్నది కూడా లెక్కలో ఉండాలి. ఈ రెండు చోట్లే విద్యార్థులు ఎక్కువ తప్పులు చేస్తారు.

సిరీస్ ఎలా పెట్టుకోవాలి? లక్ష్యానికి సగం, లక్ష్యం, రెట్టింపు, నాలుగు రెట్లు. అంటే 0.001, 0.002, 0.004, 0.008. సమాన దూరంలో కాకుండా రెట్టింపులుగా వెళ్తే తక్కువ శాంపిల్స్‌తో శిఖరానికి రెండు వైపులా చూడవచ్చు. సున్నా శాంపిల్ ఎలాగూ ఉంది.

దశ 5: తూకం

13.8 మిల్లీగ్రాముల్లో ఒక మిల్లీగ్రాము తేడా వస్తే ఏడు శాతం తప్పు. కాగితానికి అంటుకున్న పొడే అంత ఉండొచ్చు. దీనికి పాత చిట్కా ఒకటుంది: ముందు రెండు శాతం అయోడిన్ లెక్కన ఒక మాస్టర్ బ్యాచ్ తయారుచేసి, దాన్ని డోప్ చేయని లెడ్ టెల్యురైడ్‌తో పలచన చేయండి. పెరుగు తోడు లెక్కన అనుకోండి. అప్పుడు 0.002 కావాలంటే పదో వంతు మాస్టర్ బ్యాచ్ వేస్తే సరి, గ్రాముల్లో తూచవచ్చు, తప్పు దాదాపు మాయమవుతుంది. రెండూ కలిసి మళ్లీ పూర్తిగా కరగాలన్నది మాత్రం మరవద్దు. వట్టి పొడులు కలిపేసి నొక్కితే అక్కడక్కడా ఎక్కువ డోపింగ్, అక్కడక్కడా ఏమీ లేకుండా తయారవుతుంది.

ముడి మూలకాల శుద్ధి 99.99 శాతమైనా ఉండాలి. మీరు వేసేదే వెయ్యికి రెండు. ముడిసరుకులోని మలినం దానికి దగ్గరగా ఉంటే ఎవరు ఏం చేశారో తేల్చలేరు. సీసం ముక్కల మీద బూడిదరంగు ఆక్సైడ్ పొర ఉంటుంది, తూచేముందు గీకేయండి. సోడియం, మెగ్నీషియం, లాంథనం లాంటివైతే తూకం ఆర్గాన్ గ్లవ్ బాక్స్‌లోనే.

దశ 6: కరిగించడం, నొక్కడం

మూలకాలను క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి లాగేసి, టార్చ్‌తో సీలు చేయాలి. గొట్టం లోపల పలచని కార్బన్ పూత ఉంటే మంచిది. సోడియం క్వార్ట్జ్‌ని తినేస్తుంది కాబట్టి దానికి తప్పనిసరి. మెగ్నీషియం ఇంకా దారుణం, అది నేరుగా క్వార్ట్జ్‌ని తాకకూడదు.

వేడి నెమ్మదిగా పెంచండి. టెల్యూరియం 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి సీసంతో ఒక్కసారిగా చర్య జరుపుతుంది, ఆ చర్య వేడిని విడుదల చేస్తుంది. గంధకం, సెలీనియం ఉన్న పదార్థాల్లో టెన్షన్ ఇంకా ఎక్కువ: గంధకం 445 డిగ్రీలకి, సెలీనియం 685 డిగ్రీలకి మరిగిపోతాయి. చర్య పూర్తికాకముందే అక్కడికి చేరితే లోపలి ఆవిరి ఒత్తిడికి గొట్టం పేలుతుంది. ఒకసారి పక్క కొలిమిలో పేలిన చప్పుడు విన్నాను. అప్పటినుంచి గంటకి 50 డిగ్రీలకంటే వేగంగా ఎప్పుడూ వెళ్లలేదు.

లెడ్ టెల్యురైడ్ 924 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 1000 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, మధ్యమధ్యలో కదిపి, నీళ్లలో వేసి హఠాత్తుగా చల్లార్చండి. నెమ్మదిగా చల్లారనిస్తే డోపెంట్ ఒక చివరికి చేరిపోతుంది. తర్వాత దాదాపు 700 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఉంచితే సమంగా సర్దుకుంటుంది. ఆ గడ్డని నూరి, హాట్ ప్రెస్‌లో గానీ స్పార్క్ ప్లాస్మా యంత్రంలో గానీ నొక్కి బిళ్ల చేయాలి. సాంద్రత సిద్ధాంత విలువలో 95 శాతం దాటకపోతే మళ్లీ చేయండి. సందులున్న బిళ్లలో ఉష్ణ వాహకత తగ్గి సంతోషపెడుతుంది గానీ విద్యుత్ వాహకత కూడా పడిపోతుంది.

నూరేటప్పుడు మాస్కు, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. టెల్యూరియం కొంచెం ఒంట్లోకి వెళ్లినా ఊపిరికి రోజుల తరబడి వెల్లుల్లి వాసన వస్తుంది. పక్కవాళ్లు మీకంటే ముందే కనిపెడతారు. సీసం అలాంటి సూచన ఏదీ ఇవ్వదు, అందుకే దానితో ఇంకా జాగ్రత్త.

దశ 7: హాల్ కొలత. అసలు పరీక్ష ఇక్కడ

ఎక్స్-రే చిత్రంలో వేరే శిఖరాలు లేవని చూసి సంబరపడకండి. ఒకటి రెండు శాతంకంటే తక్కువ ఉన్న రెండో పదార్థం మామూలు ఎక్స్-రేకి కనిపించకపోవచ్చు. క్యారియర్లను లెక్కపెట్టేది హాల్ కొలత.

అక్కడ వచ్చే వోల్టేజి చాలా చిన్నది. మిల్లీమీటరు మందం బిళ్లకి, ఒక టెస్లా అయస్కాంత క్షేత్రంలో 100 మిల్లీ ఆంపియర్లు పంపితే, మన లక్ష్య సంఖ్య దగ్గర 20 మైక్రోవోల్టులే వస్తుంది. తీగల కొనల మధ్య చిన్న ఉష్ణోగ్రత తేడా ఉన్నా ఇది మునిగిపోతుంది, ఎంతైనా మీ చేతిలో ఉన్నది థర్మోఎలక్ట్రిక్ పదార్థమే కదా! కాబట్టి కరెంటు దిశని, అయస్కాంత క్షేత్రం దిశని రెండింటినీ తిప్పి, నాలుగు కొలతలతో లెక్క కట్టండి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి: తూకం ప్రకారం రావాల్సిన సంఖ్య, హాల్‌లో వచ్చిన సంఖ్య. నాలుగు శాంపిల్స్‌కీ గ్రాఫ్ గీయండి. దాని ఆకారమే జబ్బు పేరు చెబుతుంది.

గీత సున్నా నుంచి నేరుగా, ఏటవాలు ఒకటికి దగ్గరగా వెళ్తే అదృష్టవంతులు, ప్రతి అయోడిన్ పనిచేస్తోంది. నేరుగానే ఉంది గానీ మొదట్లో కొంత మేర కదలకుండా ఆ తర్వాత లేస్తే, సహజ లోపాలు మొదటి క్యారియర్లను మింగేస్తున్నాయి. అప్పుడు డోపెంట్ పెంచడంకంటే మూలకాల పాళ్లు కొద్దిగా సవరించడం మేలు. కొంతదూరం ఎక్కి తర్వాత చదునైతే కరిగే హద్దు వచ్చేసింది. నా మొదటి సిరీస్ జబ్బు ఇదే. ఏటవాలు మొదటినుంచీ సగమే ఉంటే, డోపెంట్ ఆవిరై పోయిందా, గొట్టం గోడతో చర్య జరిపిందా, రెండు రకాల కుర్చీల్లో కూర్చుంటోందా అని వరసగా చూసుకోండి.

మొబిలిటీని కూడా ఇక్కడే లెక్క కట్టండి. విద్యుత్ వాహకతని క్యారియర్ సంఖ్యతోనూ, ఎలక్ట్రాన్ ఆవేశంతోనూ భాగిస్తే వస్తుంది. డోపింగ్ పెరిగే కొద్దీ అది కొంత తగ్గడం మామూలే. అకస్మాత్తుగా కూలిపోతే గ్రెయిన్ అంచుల్లో ఆక్సైడ్ గానీ ఇంకేదో గానీ చేరిందని అర్థం.

దశ 8: సీబెక్, వేడి

హాల్ యంత్రం అందుబాటులో లేనప్పుడు నేను వాడే మోటు కొలబద్ద ఒకటుంది. మంచి పదార్థాల్లో జెడ్‌టి శిఖరం దగ్గర సీబెక్ విలువ చాలాసార్లు 200 నుంచి 250 మైక్రోవోల్టులు ఉంటుంది. పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర మీది 300 దాటితే డోపింగ్ చాలలేదు, 150 లోపు ఉంటే ఎక్కువైంది. ఇది కచ్చితమైన నియమం కాదు గానీ తర్వాతి శాంపిల్ ఎటు వెళ్లాలో చెప్పడానికి సరిపోతుంది.

ఉష్ణ వాహకతకి లేజర్ ఫ్లాష్ పద్ధతి వాడతారు. వ్యాపన గుణకాన్ని సాంద్రతతో, విశిష్టోష్ణంతో గుణిస్తారు. విశిష్టోష్ణం దగ్గరే మోసం జరుగుతుంది. లెడ్ టెల్యురైడ్‌కి గది ఉష్ణోగ్రత పైన అది గ్రాముకి, కెల్విన్‌కి దాదాపు 0.15 జౌల్స్ ఉండాలి. మీ యంత్రం 0.12 చూపిస్తే జెడ్‌టి ఊరికే 25 శాతం పెరిగిపోతుంది. అలాంటి బహుమతులు తీసుకోవద్దు.

వచ్చిన ఉష్ణ వాహకతలోంచి ఎలక్ట్రాన్ల వాటా తీసేయండి. ఉదాహరణకి 600 కెల్విన్ దగ్గర సీబెక్ మైనస్ 200 మైక్రోవోల్టులు, విద్యుత్ వాహకత సెంటీమీటరుకి 500 సీమెన్స్, మొత్తం ఉష్ణ వాహకత మీటరుకి, కెల్విన్‌కి 1.6 వాట్లు అనుకుందాం. ఈ సీబెక్‌కి తగిన లోరెంజ్ సంఖ్య (విద్యుత్ వాహకత నుంచి ఎలక్ట్రాన్ల వేడిని లెక్కించే గుణకం) 1.68 × 10⁻⁸. లోహాలకి వాడే 2.44 ఇక్కడ వాడితే ఎలక్ట్రాన్ల వాటా ఎక్కువగా తేలి, జాలకం (స్ఫటికంలోని అణువుల కంపనాలు) వాటా తక్కువగా కనిపిస్తుంది. లెక్క కడితే ఎలక్ట్రాన్ల వాటా 0.5, జాలకం వాటా 1.1, జెడ్‌టి 0.75.

ఇందులో డోపింగ్ చేతిలో ఉన్నది 0.5 మాత్రమే. మిగతా 1.1ని తగ్గించాలంటే అదే వేలెన్సీ ఉన్న అణువులను కలపడం, నానో కణాలు పెంచడం లాంటి వేరే పనులు కావాలి. నా సలహా: ముందు క్యారియర్ సంఖ్య సరిచేయండి, ఆ తర్వాతే ఈ వేరే పనుల జోలికి వెళ్లండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఉపయోగపడిందో ఎప్పటికీ తెలియదు. 2011లో లెడ్ టెల్యురైడ్‌కి సెలీనియం, సోడియం కలిపి 850 కెల్విన్ దగ్గర 1.8, 2012లో స్ట్రాన్షియం టెల్యురైడ్ నానో కణాలతో 915 కెల్విన్ దగ్గర 2.2 సాధించారు. రెండింట్లోనూ అడుగున హోల్స్ సంఖ్యని సరిచేసే పని సోడియానిదే.

ఇంకో మాట. బిస్మత్ టెల్యురైడ్ లాంటి పొరల పదార్థాలకి దిశ ముఖ్యం. సీబెక్, విద్యుత్ వాహకత, ఉష్ణ వాహకత మూడూ ఒకే దిశలో కొలవాలి. మంచి కరెంటు ఒక దిశలోంచి, తక్కువ వేడి ఇంకో దిశలోంచి తీసుకుని కలిపితే వచ్చే జెడ్‌టి ఏ వస్తువుదీ కాదు. అన్నీ సరిగ్గా చేసినా జెడ్‌టిలో 15 నుంచి 20 శాతం అనిశ్చితి మామూలే. కాబట్టి 1.02 నుంచి 1.08కి పెరిగిందని పేపర్ రాయడానికి తొందరపడకండి.

దశ 9: గ్రాఫ్ వంపు చూసి తర్వాతి అడుగు వేయండి

ఉష్ణోగ్రతతో సీబెక్ పెరుగుతూ వెళ్లి, ఒకచోట వంగి కిందికి దిగిందంటే రెండో రకం క్యారియర్లు మేల్కొన్నాయి. వేడికి ఎలక్ట్రాన్లు బ్యాండ్ గ్యాప్ (రెండు బ్యాండ్ల మధ్య ఉండే శక్తి ఖాళీ) దాటి, వెనుక హోల్స్‌ని వదిలి, రెండూ ఒకదాని వోల్టేజిని ఒకటి కొట్టేసుకుంటాయి. వేడిని మాత్రం రెండూ కలిసి మోస్తాయి. ఆ శిఖరం నుంచి బ్యాండ్ గ్యాప్ అంచనా వేయవచ్చు. శిఖరం దగ్గరి సీబెక్‌ని ఉష్ణోగ్రతతో గుణించి రెట్టింపు చేయండి. 650 కెల్విన్ దగ్గర 240 మైక్రోవోల్టులు అయితే 0.31 ఎలక్ట్రాన్ వోల్టులు, లెడ్ టెల్యురైడ్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఈ వంపు మీరు పనిచేయాల్సిన ఉష్ణోగ్రతకంటే ముందే వస్తే డోపింగ్ కొంచెం పెంచండి. శిఖరం జెడ్‌టి కాస్త తగ్గినా వంపు ఇంకా పై ఉష్ణోగ్రతకి జరుగుతుంది. పరికరానికి కావలసింది ఒక ఉష్ణోగ్రత దగ్గరి శిఖరం కాదు, చల్లని కొన నుంచి వేడి కొన దాకా సగటు.

దశ 10: అదే శాంపిల్‌ని మళ్లీ మళ్లీ వేడిచేయండి

కొలత వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు రెండుసార్లూ తీసుకోండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడకపోతే మీ డోపెంట్ ఇంకా కదులుతోంది, లేదా టెల్యూరియం ఆవిరై పోతోంది. రాగి, వెండి లాంటి చిన్న అణువులు స్ఫటికంలో బాగా తిరుగుతాయి. కరిగే హద్దుకి దగ్గరగా డోప్ చేసిన శాంపిల్స్‌లో చల్లారినప్పుడు డోపెంట్ బయటికి వచ్చి, వేడెక్కినప్పుడు మళ్లీ లోపలికి వెళ్తుంది. అలాంటి పదార్థం మొదటి రోజు చూపించిన జెడ్‌టిని పదో రోజు చూపించదు.

గాలి సంగతి కూడా చూడండి. టిన్ సెలెనైడ్ ఏకస్ఫటికం 2014లో 923 కెల్విన్ దగ్గర 2.6 ఇచ్చినా, పొడి నొక్కి చేసిన బిళ్లలు చాలాకాలం దాని దరిదాపులకి రాలేదు. పైపెచ్చు స్ఫటికంకంటే బిళ్లలోనే వేడి ఎక్కువగా పారేది. టిన్ ఆక్సైడ్ పొరే అడ్డమని తేలి, దాన్ని తొలగించి సోడియంతో డోప్ చేసిన బిళ్ల 2021లో 783 కెల్విన్ దగ్గర 3.1 చూపించింది. ముడి టిన్‌ని ముందే శుద్ధి చేయడం, పొడిలో మిగిలిన ఆక్సిజన్‌ని హైడ్రోజన్ కలిపిన వాయువులో తీసేయడం, ఇంతే వాళ్లు అదనంగా చేసింది. మీ శాంపిల్ మూడో వేడికి కూడా అదే గీత మీద నడిస్తే, అదే కూర్పుతో కొత్త తూకం నుంచి ఇంకో బిళ్ల చేసి, దానికీ హాల్ కొలత తీయండి.